పనిముట్ల నమూనాలలో సహకారము

మన తాతల కాలమున గొఱ్ఱు విఱిగినచో రైతు దానిని భుజమున వేసికొని ఊరి వడ్రంగి యింటికి పోయెడివాడు. వడ్రంగి వాకిట అందఱు చూచుచుండగనే పని సాగెడిది. నల్లరేగడి చేనికి ఒక తీరు, ఎఱ్ఱచల్కకు మఱొక తీరు, చిన్న యెడ్ల జతకు ఇంకొక తీరుగా ఆతడు కట్టి యిచ్చెడివాడు. పొరుగూరి బంధువు వచ్చి చూచి, అది బాగున్నదని తోచినచో, జానలతో బెత్తెలతో కొలిచికొని పోయి తమ యూరి వడ్రంగిచే అట్టిదే చేయించుకొనెడివాడు. అందులకు ఎవరి యనుమతియు అక్కఱ లేకుండెను. ఒకరు కనుగొనిన మేలు పదుగురకు ప్రాకెడిది.

ఇప్పుడు మన పొలములలో ట్రాక్టరులు, నూర్పిడి యంత్రములు, నాటు యంత్రములు, కలుపు యంత్రములు తిరుగుచున్నవి. వానివలన కలిగిన లాభమును మేము కాదనము. కాని యంత్రములోని చిన్న పళ్ళచక్ర మొకటి అఱిగిపోయినచో ఏమగునో సభ్యు లెఱుగుదురు. ఆ భాగము ఊరిలో దొరకదు; దాని కొలత ఎవ్వరికిని తెలియదు; అమ్మిన దుకాణమువారు వేఱొక పట్టణమునుండి తెప్పింపవలయును. యంత్రము పది దినములు నిలిచినను చేనిలోని కలుపు నిలువదు. అదును తప్పిన పిమ్మట చేతికి వచ్చిన భాగము ఎంత మేలైనదైనను ఆ యేటి పంటకు అక్కఱకు రాదు. ఇచట నష్టము కలిగించినది ఇనుము కాదు. ఆ యినుమును గూర్చిన జ్ఞానము మూతవేయబడి యుండుటయే నష్టమునకు మూలము.

ఈ మూతను తీయు పద్ధతి యొకటి గడచిన నలుబది సంవత్సరములలో కంప్యూటరు పనివారి నడుమ పెరిగి, అచటినుండి యంత్రములకును పనిముట్లకును ప్రాకినది. దానిని ఇంగ్లీషువారు ‘ఓపెన్ సోర్సు’ అందురు. ఈ వ్యాసమున మేము దానిని ‘బహిరంగ నమూనా’ యని పిలుతుము. ఇది యేమో, ఎట్లు పనిచేయునో, ఎచట తప్పిపోవునో, సహకార సంఘములకు దీనితో ఏమి పనియో వివరించుట మా యుద్దేశము.

పద్ధతి పుట్టుక

కంప్యూటరు ఏమి చేయవలయునో తెలుపు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. మనుష్యులు చదివి దిద్దగల రూపమున నున్న ప్రోగ్రామును దాని మూలము అందురు. అమ్మెడివారు సాధారణముగా మూలమును తమ యొద్ద ఉంచుకొని, యంత్రము మాత్రమే చదువగల రూపమును కొనువారి కిత్తురు. అందువలన లోపము కనబడినను కొన్నవాడు దిద్దుకొనజాలడు.

అమెరికాలో మస్సాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ అను నతనికి 1980 ప్రాంతమున ఇట్టి యిబ్బందియే కలిగెను. అచటి ముద్రణయంత్రములో కాగితములు తఱచుగా చిక్కుకొనుచుండెను. మూలము చేతనున్నచో ఆతడు తన పనివారికి తోడ్పడునట్లు దానిని మార్చుకొనగలవాడే. కాని మూలము కలిగియున్న మఱొక విద్యాలయపువాడు, ఎవరికిని ఇయ్యనని మాట యిచ్చితి నని చెప్పి నిరాకరించెను. స్టాల్‌మన్ 1983లో, ఎల్లరును చదివి, మార్చి, పంచుకొనదగిన ప్రోగ్రాములు వ్రాయుటకు పూనుకొనెను. 1989లో ఒక యనుమతి పత్రమును ప్రకటించెను. దాని సారాంశ మిది: దీనిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, అమ్మనువచ్చును, కాని మార్చి పంచువాడు తన మార్పునుగూడ ఇదే షరతుపై పదుగురకు ఈయవలయును. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్‌వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ అనునది కొలదికాలములోనే ఈ షరతు క్రిందికి వచ్చి ప్రపంచమంతట వ్యాపించెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులు దాని యాధారముననే నడచుచున్నవి.

ఈ షరతులోని న్యాయము మన సంఘ సభ్యులకు క్రొత్తది కాదు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన నాటినుండి మనము చేయుచున్న దేమి? విడివిడిగా ఏ పనికిని చాలని చిన్న మొత్తములను ఒకచోట కూర్చి, అవసరము కలవాడు తీసికొని, తిరిగి చెల్లించి, మఱొకని యవసరమునకు నిలుపుచున్నాము. అచట తిరుగునది ధనము. ఇచట తిరుగునది జ్ఞానము. తీసికొన్నవాడు తిరిగి చెల్లింపనిచో రెండును ఎండిపోవును.

మన ఊరి బోరింగు

ఈ మాటలు దూరదేశపు సంగతులుగా తోచకుండుటకై మన కన్నులయెదుట నున్న యుదాహరణమునే చూపుదుము. మన గ్రామములలో వీథిమొగలను, బడి యావరణములలోను ఉక్కుతో చేసిన చేతిపంపు కనబడును. దానినే మనము బోరింగు అందుము. వానిలో అధికభాగము ‘ఇండియా మార్క్ రెండు’ అను నమూనాకు చెందినవి. ఈ నమూనాకు యజమానుడు లేడు. చేయగల కార్ఖానా ఏదైనను, ఎవరికిని రుసుము చెల్లింపక, దానిని చేయవచ్చును.

1966–67 సంవత్సరముల కఱవు తరువాత మన దేశమున ఱాతినేలలో గొట్టపుబావులు త్రవ్వుట విరివిగా సాగెను. ఐక్యరాజ్య సమితివారి బాలల నిధి యందులకు త్రవ్వు యంత్రములను తెప్పించి తోడ్పడెను. బావులు త్రవ్వబడెను గాని పైన బిగించిన పంపులు నిలువలేదు. అవి పోత యినుముతో చేసినవి. విదేశములలో ఒక్క కుటుంబము తన పెరటిలో వాడుకొను పంపులకు నకళ్ళు. ఊరంతయు ఉదయమునుండి రాత్రి వఱకు కొట్టినచో అవి విఱుగక యేమి చేయును? 1970 తరువాత జరిపిన విచారణలలో పని చేయుచున్న పంపులకంటె చెడి పడియున్నవే మిక్కుటముగ కనబడెను. లోతున మంచినీ రుండియు ప్రజలు చెఱువు నీరే త్రాగవలసిన గతి పట్టెను.

అంతకు ముందే మహారాష్ట్రమున జాల్నా, షోలాపురము ప్రాంతములలో బావులు త్రవ్వించుచుండిన సేవాసంఘములవారు పోత యినుమును విడిచి, ఉక్కు రేకులతో వెల్డింగు చేసిన పంపుతలను కట్టి చూచిరి. పిడికి ఒకే యిరుసు, దాని చివర గొలుసు, ఆ గొలుసునకు లోపలి కడ్డీ – ఇది దాని యేర్పాటు. బాలల నిధివారును, ప్రభుత్వపు ఇంజనీరులును, మద్రాసునందలి రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అను ప్రభుత్వ కార్ఖానావారును కూడి, షోలాపురపు పంపునందలి మేలును గ్రహించి, లోపములను సవరించి, కోయంబత్తూరు ప్రాంతపు లోతుబావులమీద పెట్టి పరీక్షించిరి. ఆ విధముగా తేలినదే మార్క్ రెండు. సుమారు 45 మీటర్ల లోతునుండి నీరు తోడుట కది తగినది. 1970 దశాబ్దపు చివర దాని తయారీ పెద్దయెత్తున సాగెను. 1979లో భారతీయ ప్రమాణముగా దాని కొలతలన్నియు ప్రకటింపబడెను.

ఇచట రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నమూనాను దాచకుండుట. కార్ఖానాలు ఒకటి తరువాత ఒకటిగా తయారీకి పూనుకొనగా పోటీ పెరిగి ధర అదుపులో నుండెను. రెండవది, కొలతను విడువకుండుట. ఏ కార్ఖానా పంపునకు చెందిన గొలుసైనను, బేరింగైనను, వాషరైనను మఱొక కార్ఖానా పంపునకు సరిపోవలయు నని నిబంధన. బాలల నిధివారు తాము కొను పంపులను బయటి పరీక్షకులచే తనిఖీ చేయించిన పిమ్మటనే తీసికొనుచుండిరి. తలుపు అందఱకు తెఱచిరి. గడప యెత్తును మాత్రము తగ్గింపలేదు.

నమూనా బహిరంగముగ నుండుటచేత తరువాతి మెఱుగులును సులభమయ్యెను. 1983లో కోయంబత్తూరు ప్రాంతముననే మఱొక పరీక్ష మొదలయ్యెను. పంపులను కొన్ని సంవత్సరములు కనిపెట్టియుండి, ఏ భాగము ఎన్నాళ్ళకు చెడుచున్నదో వ్రాసికొనిరి. తోలు వాషరు తఱచు అఱుగుచున్నదని తేలి, దాని స్థానమున నైట్రైలు రబ్బరు వాషరు పెట్టగా అది చాలకాలము నిలిచెను. సిలిండరులోని ముషలకము చెడినప్పుడెల్ల గొట్టములన్నియు పైకి లాగవలసి వచ్చుచుండెను. అందులకు ప్రత్యేకపు పనిముట్లును పలువురు మనుష్యులును కావలయును. గొట్టమునే 65 మిల్లీమీటర్ల వెడల్పునకు పెంచినచో ముషలకమును దానిలోనుండియే పైకి తీయవచ్చును గదా యని యోచించి ‘మార్క్ మూడు’ను రూపొందించిరి. ఊరివారే మరమ్మతు చేసికొనుట కది యనుకూలము. అయితే పెద్ద గొట్టమునకు ధర అధికము. ఆ కారణమున మార్క్ రెండు పోలేదు, రెండును నిలిచినవి. ఆఫ్రికాలో ఉగాండా దేశమువారు ఈ రెంటినే తమ ప్రమాణములుగా చేసికొని యూ–రెండు, యూ–మూడు అని పేరు పెట్టుకొనిరి. వారిని ఎవరును అడ్డగింపలేదు.

ఇదంతయు జరిగిన నాటికి ‘ఓపెన్ సోర్సు’ అను పేరే పుట్టలేదు. ఆ పేరు 1998లో వచ్చినది. పేరు లేకున్నను పని యిదియే.

ప్రోగ్రామునకును ఇనుమునకును గల భేదము

అయితే కంప్యూటరువారి పద్ధతిని ఉన్నదున్నట్లు కమ్మరి కొలిమికి తెచ్చుట సాధ్యము కాదు. భేదములను దాచిపెట్టి ఆశలు కల్పించుట మంచిది కాదు గావున వానిని విప్పి చెప్పుచున్నాము.

ప్రోగ్రామునకు నకలు తీయుటకు ఖర్చు లేదు. కలుపు యంత్రమునకు నకలు తీయవలయునన్న ఇనుము కొనవలయును, బొగ్గు కాల్వవలయును, కూలి ఈయవలయును. కాబట్టి బహిరంగ నమూనా యనగా ఉచిత పనిముట్టు అని యర్థము కాదు. పటము ఉచితము, పనిముట్టు వెలకే. చేసిన కమ్మరికి న్యాయమైన కూలి ముట్టవలసినదే.

ప్రోగ్రాములో తప్పు దొర్లినచో మఱునాడు దిద్దిన ప్రతి పంపవచ్చును. ఇనుములో తప్పు దొర్లినచో ఆ యినుము పోవును. ఒక్కొక్కప్పుడు మనుష్యుని చేయియే పోవును. నూర్పిడి యంత్రములు ఎందఱ చేతులు తీసికొన్నవో మన గ్రామములకు తెలియనిది కాదు. 1983లో ప్రమాదకర యంత్రముల చట్టము వచ్చుటకు అట్టి ప్రమాదములే కారణము. కావున పంట నందించు నోటివద్ద కాపుదల తొట్టి లేని నమూనాను ‘ఖర్చు తక్కువ’ యని పంచిపెట్టుట సహకారము కాదు, అపకారము.

మూడవ భేదము చట్టమునకు సంబంధించినది. వ్రాతకు కాపీరైటు కలదు. ప్రోగ్రామును వ్రాతగానే పరిగణింతురు. కాబట్టి స్టాల్‌మన్ తన షరతును ఆ హక్కుమీద నిలుపగలిగెను. కాని పని చేయు పనిముట్టునకు కాపీరైటు లేదు; దాని పటమునకును, దానిని గూర్చిన వ్రాతకును మాత్రమే కలదు. పటము నెవరైనను చూచి పనిముట్టు చేసి అమ్మినచో, ‘నీ మార్పును మాకు చూపుము’ అని కాపీరైటు బలముతో నిర్బంధించుట కష్టము. ఈ చిక్కును కొంత తీర్చుటకై ఐరోపాలోని సెర్న్ అను పరిశోధనాలయమువారు యంత్రముల నమూనాలకని ప్రత్యేకముగా ఒక యనుమతి పత్రమును 1911లో గాక మన కాలముననే, అనగా 2011లో, ప్రకటించిరి. 2020లో దానిని సవరించి మూడు తెఱగులుగా చేసిరి. ఒకదాని ప్రకారము మార్పులన్నియు తిరిగి పంచవలయును; రెండవదాని ప్రకారము ఆ నమూనాలోని మార్పులు మాత్రము పంచవలయును; మూడవదానిలో పంచవలయునను నిర్బంధము లేదు.

మన దేశపు చట్టము సంగతియు తెలిసికొనుట మంచిది. 1970 నాటి పేటెంటుల చట్టము క్రింద పేటెంటు గడువు దరఖాస్తు దినమునుండి 20 సంవత్సరములు. ఆ గడువు తీరిన పిమ్మట ఆ నిర్మాణము అందఱ సొత్తగును. సేద్యపు పద్ధతికి పేటెంటు ఈయరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. కాని సేద్యపు పనిముట్టునకు ఈయవచ్చును. పేటెంటు పొందుటకు నిర్మాణము క్రొత్తదై యుండవలయును. కావున ఒక నమూనాను తేదీతో అచ్చువేసి ముందుగనే ప్రకటించినచో, తరువాత మఱొకడు వచ్చి ‘ఇది నాది’ యని పేటెంటు తీసికొనుటకు అది యడ్డు నిలుచును. పేటెంటు ఈయకముందు దానిపై ఆక్షేపణ తెలుపుటకు ఎవరికైనను హక్కు కలదు. అయితే ఒక మాట. తన కల్పనను ఇట్లు ప్రకటించిన రైతు తానును సాధారణముగా పేటెంటు పొందజాలడు. కాబట్టి ముందుగా ఆలోచించుకొనియే ప్రకటింపవలయును. పేటెంటు కోరు గ్రామీణులకు తోడ్పడుటకై 2000లో నెలకొల్పబడిన జాతీయ నవకల్పన సంస్థ గుజరాతునందు కలదు.

విత్తనముల విషయమున మన చట్టము రైతు పక్షమున ఎంత దూరము వచ్చినదో కూడ జ్ఞప్తి యుంచుకొనదగును. 2001 నాటి చట్టము ప్రకారము, సంరక్షణ పొందిన రకపు విత్తనమునైనను రైతు దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, ఇరుగుపొరుగువారితో మార్చుకొనవచ్చును, వ్యాపారపు పేరు వేయకుండ అమ్ముకొనవచ్చును. పనిముట్టుల విషయమున అట్టి హక్కును చట్టము వ్రాసి యీయలేదు. దానిని మనము పరస్పర సమ్మతితో కల్పించుకొనవలసినదే.

ఇతర దేశముల యనుభవము

ఫ్రాన్సు దేశమున ‘అతెలియే పేజాన్’ అను సహకార సంస్థ కలదు. ఆ పేరునకు రైతుల కార్ఖానా యని యర్థము. రసాయనములు లేక కూరగాయలు పండించు రైతులు తమ మళ్ళకు తగిన పనిముట్లు బజారులో దొరకక తామే చేసికొనుచుండిరి. 2009 ప్రాంతమున కొందఱు పూనుకొని పొలము పొలము తిరిగి, ఆ పనిముట్లను కొలిచి, పటములు గీసి, ఎల్లరకును అందుబాటులో నుంచిరి. 2014లో అది సహకార సంస్థగా మాఱెను. కొన్ని దినముల శిక్షణ శిబిరములలో రైతులు వచ్చి, ఇనుము కోయుటయు, వెల్డింగు చేయుటయు నేర్చుకొని, తమ పనిముట్టును తామే చేసికొని యింటికి పోవుదురు. పనిముట్లన్నిటికిని ఒకే కొలతగల త్రికోణపు చట్రమును పెట్టుటవలన, ట్రాక్టరునుండి దిగకుండగనే ఒకదానిని వదలి మఱొకదానిని తగిలించుకొనవచ్చును. తాను చేసినదానిని తాను మరమ్మతు చేసికొనగలుగుటయే ఆ శిబిరములవలన రైతునకు కలుగు పెద్ద లాభము.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున మార్సిన్ యాకుబోవ్‌స్కీ అను నతడు భౌతికశాస్త్రమున ఉన్నత విద్య ముగించి సేద్యమునకు దిగెను. ఆతడు కొన్న ట్రాక్టరు విఱిగెను, బాగుచేయించెను, మఱల విఱిగెను. విసిగి తానే ఒక ట్రాక్టరును రూపొందించి దాని పటములను లోకమునకు ప్రకటించెను. ఒక గ్రామమునకు కావలసిన 50 యంత్రముల నమూనాలను బహిరంగపరుపవలయునని 2003లో నెలకొల్పిన ఆతని సంస్థ సంకల్పము. ట్రాక్టరు, మట్టి యిటుకలను అదుము యంత్రము మున్నగునవి తయారైనవి. కాని 50 యంత్రములును ఇంకను పూర్తి కాలేదు. ఒక యంత్రమును చేయుట ఒక యెత్తు. ముక్కు మొగ మెఱుగని మఱొకడు చదివి చేయగలుగునట్లు దానిని వ్రాసి పెట్టుట రెండెత్తులు. ఈ పనిని తేలికగా తలచినవారందఱు ఇచటనే చిక్కుపడిరి.

ఆ దేశముననే పెద్ద ట్రాక్టరులలో కంప్యూటరులు చేరిన పిదప, కంపెనీ పనివాడు వచ్చి తాళము తీసిన గాని మరమ్మతు సాగని స్థితి యేర్పడెను. రైతులు చాలకాలము పోరాడిరి. 2023లో కొలరాడో రాష్ట్రము, సేద్యపు యంత్రముల మరమ్మతునకు కావలసిన వివరములను, భాగములను, సాధనములను రైతునకు ఈయవలయునని చట్టము చేసెను. అది 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. మూతపడిన జ్ఞానమును తరువాత తెఱిపించుట కెంత శ్రమయో దీనివలన తెలియుచున్నది.

మన తెలుగునాటి ఉదాహరణము

2003 తరువాత మన రాష్ట్రమున శ్రీ పద్ధతి వరి సాగు వ్యాపించినప్పుడు, 25 సెంటీమీటర్ల దూరమున నిలువు నడ్డము గీతలు గీసి, ఆ గీతలు కలిసినచోట ఒక్కొక్క మొక్కను నాటవలసి వచ్చెను. తాళ్ళు పట్టి గుర్తులు పెట్టుటకు పొద్దు చాలకుండెను. అప్పుడు తూర్పు గోదావరి జిల్లా రైతొకరు ఇనుపకడ్డీలతో దొర్లెడి మార్కరును చేసిరి. దానిని ఒకసారి లాగినంతనే గళ్ళు పడును. చూచినవారు కొలతలు తీసికొని తమ ఊళ్ళలో చేయించుకొనిరి; ఇతర రాష్ట్రముల రైతులును దానిని తెలిసికొనిరి. వరుసల నడుమ నడపు వీడరుల సంగతియు ఇట్టిదే. ఒండ్రునేలలో చక్కగా నడచినది జిగటనేలలో మట్టి పట్టి కదలదు. అచటివారు పళ్ళను మార్చిరి, బరువు తగ్గించిరి, పిడిని ఎత్తు చేసిరి.

ఇందులో విచారింపవలసిన దొకటి కలదు. ఇట్టి మార్పులు చేసినవారు అనేకులు. వ్రాసి పెట్టినవారు అరుదు. ఒక ఊరిలో ఫలించిన మార్పు పక్క మండలమునకు తెలియక, వారును అదే తప్పు చేసి, అదే ధనము పోగొట్టుకొని, అదే మార్పునకు వచ్చుచున్నారు. తాతల కాలపు వడ్రంగి విద్యయు ఇట్లే పోయినది. ఎవరును దానిని దొంగిలింపలేదు, ఎవరును తాళము వేయలేదు. వ్రాయకపోవుటచే చేతులతో పాటు మట్టిలో కలిసినది. కావున మూతపెట్టకుండుట మాత్రమే చాలదు. కూర్చుండి వ్రాయవలయును.

పూర్తి నమూనా యనగా నేమి

ఫోటో యొకటి పంపినంత మాత్రమున అది బహిరంగ నమూనా కాదు. ఎఱుగని ఊరి కమ్మరి, చేసినవానిని కలియకయే, ఆ కాగితములనుబట్టి పనిముట్టు చేయగలుగవలయును. అందులకు ఈ క్రిందివి కావలయును.

1. ప్రతిభాగమునకును మిల్లీమీటర్లలో కొలతలు వేసిన పటము. ఏ కొలత తప్పరానిదో, ఏది కొంచె మటునిటు ఉండవచ్చునో గుర్తింపవలయును.

2. సరుకుల పట్టిక: ఇనుపరేకు మందము, గొట్టము కొలత, బోల్టుల సంఖ్య, బేరింగు నంబరు. సాధ్యమైనంతవఱకు మండల కేంద్రపు దుకాణములలో దొరకు సరుకునే వాడవలయును. ఎచటను దొరకని భాగముతో చేసిన నమూనా, తెఱచి యున్నను మూసినదే.

3. చేయు వరుస: ముందు కోయవలసిన దేది, ముందు అతుకవలసిన దేది.

4. పరీక్ష ఫలితము: ఏ నేలలో, ఏ పైరులో, ఎంత తడిలో, రోజునకు ఎన్ని సెంట్లు నడచినది, ఎచట నడువలేదు. ఓడిన సంగతి వ్రాయుట గెలిచిన సంగతి వ్రాయుటకంటె ఎక్కువ యుపకారము.

5. అపాయపు స్థానములు, వానికి పెట్టిన కాపుదల.

6. తేదీయు, వరుస సంఖ్యయు. మార్పు జరిగినప్పుడెల్ల సంఖ్య పెంచి, మార్చినదేమో, ఏలనో వ్రాయవలయును. పాత పటము పాఱవేయరాదు.

7. అనుమతి వాక్యము: ఎవరైనను చేయవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును, మార్చినవారు మార్పును తెలుపవలయును, మొదటి రూపకర్త పేరు తొలగింపరాదు.

ఆక్షేపణలు

‘కష్టపడి కనుగొన్నవాని కేమి మిగులును?’ అని కొందఱ ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. బహిరంగ నమూనా చేసినవాడు పేటెంటు రుసుమును వదలుకొనుచున్నాడు, అది త్యాగమే. కాని గ్రామములలో పనిముట్టును మెఱుగుపఱచు రైతు సాధారణముగా తన చేనికై చేసికొనును గాని వ్యాపారమునకు కాదు. పది చేలలో పదుగురు దిద్దిన రూపము ఆతనికే తిరిగి వచ్చును. కమ్మరియో, వెల్డింగు కొట్టువాడో యైనచో, పని యధికమగును. చేతిపంపు నమూనా తెఱచి యుండుటచే దానిని చేసిన కార్ఖానాలు మూతపడలేదు. అయినను సంఘము ఆతని శ్రమను గుర్తించి, తొలి ప్రతులను ఆతనిచేతనే వెలకు చేయించుట న్యాయము.

‘అందఱు చేయవచ్చునన్నచో నాసిరకపువి బయలుదేరవా?’ అని మఱొక ప్రశ్న. బయలుదేరును. పలుచని గొట్టము, చవక బేరింగు పెట్టి అదే రంగు వేసి అమ్మువారు ఎల్లప్పుడు కలరు. దీనికి మందు నమూనాను దాచుట కాదు. కొలబద్దను చేత పట్టుకొనుట. నమూనా బహిరంగముగ నున్నప్పుడు కొనువాడే కొలిచి చూచుకొనగలడు. దాచినచో అదియు లేదు. తక్కువ ధర పలికినవానినుండియే కొనుట యను నియమమును సంఘములు పాటించినచో మాత్రము ఏ కొలబద్దయు రక్షింపజాలదు.

సంఘములు చేయదగిన పని

మేము పెద్ద యేర్పాట్లను సూచించుట లేదు. ప్రతి సంఘమును ఒక్క పనిముట్టుతో ఆరంభింపవచ్చును. సభ్యులలో ఎక్కువమంది వాడునదియు, మోటారు లేనిదియు, చెడినను ప్రాణాపాయము లేనిదియు నగు వీడరో, మార్కరో, విత్తనపు గొఱ్ఱో ఎంచుకొనవలయును. దానిని మెఱుగుగా వాడుచున్న ఇద్దఱు ముగ్గురు రైతులను, ఒక కమ్మరిని, పాలిటెక్నికు చదివిన ఊరి యువకునొకనిని కూర్చి పైన చెప్పిన యేడంశములు వ్రాయింపవలయును. తరువాత పొరుగు సంఘపు కమ్మరికి ఆ కాగితములు మాత్రమే యిచ్చి చేయింపవలయును. ఆతడు ఎచట సందేహించి అడుగునో అచట వ్రాత లోపము గలదని గ్రహించి దిద్దవలయును. ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఇట్లు తేలిన పటము సంఘ కార్యాలయమున ఒక పుస్తకముగా నుండవలయును. నకలు ఇంటర్నెట్టులోను పెట్టవచ్చును. సంఘము యంత్రములు కొనునపుడును ఒక షరతు పెట్టవచ్చును: అఱుగు భాగముల కొలతలును, మరమ్మతు పుస్తకమును తెలుగున ఈయనిదే కొనమని. ఒక్క రైతు ఈ మాట యడిగినచో దుకాణదారు నవ్వును. పది సంఘములు కూడి యడిగినచో వినును. సహకార మనగా నిదియే గదా.

మన ఊరి బోరింగును కొట్టునప్పుడు ఒక్క క్షణము దానివంక చూడుడు. దానిని చేసిన కార్ఖానా మఱొక రాష్ట్రమునదై యుండవచ్చును. దానిని బాగుచేయువాడు మండల కేంద్రమునుండి సైకిలుమీద వచ్చినవాడు కావచ్చును. దానికి వేసిన వాషరు వేఱొక కార్ఖానాది కావచ్చును. అయినను అన్నియు కుదురుచున్నవి, నీరు వచ్చుచున్నది. ఎవరో కొలతలు వ్రాసి అందఱకు ఇచ్చుటచేతనే యిది సాధ్యమయినది. మన కలుపు యంత్రములకును అట్టి కాగిత మొకటి కావలయును. అది వ్రాయదగినవారు మన సభ్యులలోనే యున్నారని మా నమ్మకము. వచ్చు వానకాలపు పనులు మొదలగుటకు ముందే తమ తమ సంఘముల సమావేశములలో ఈ విషయమును చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.